సరళాదేశ సంధి మ్వేరా వాళ్ళ నోట్లోకి ఎలా వచ్చింది?

(మా గ్రూపులో నడిచిన చర్చ ఇది.)

మాస్టారు: పదో తరగతికి సంధులు చెబుతున్నాను. "ద్రుతప్రకృతికము మీది పరుషములకు సరళములగు" అని బోర్డు మీద రాసి, పూచెను + కలువలు = పూచెంగలువలు అని చూపించాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి "సార్, ఎందుకు మారాలి? పూచెను కలువలు అంటే ఏమవుతుంది?" అన్నాడు. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరిగారు చెప్పారంటే ఒప్పుకునే రకం కాదు వాడు. ఇది వ్యాకరణం పెట్టిన నియమమా, నోటికి దానంతట అదే వచ్చేదా? ఇంకో భాషలో ఎక్కడైనా ఉందా? సంస్కృతం, తమిళం వద్దండీ. మనతో ఏ చుట్టరికమూ లేని భాషలో చూపిస్తే వాడి నోరు మూతపడుతుంది.

నేను: మాస్టారూ, వాడి నోరు మూయించకండి, ప్రశ్న చాలా మంచిది. చుట్టరికం లేని భాషే కావాలంటే టాంజానియాకి వెళ్దాం. ఆ దేశపు ఆగ్నేయ మూలన, హిందూ మహాసముద్రం ఒడ్డున లిండి అని ఒక రేవు ఉంది. అక్కడి నుంచి లోపలికి నచింగ్వేయా, రువాంగ్వా వైపు వెళ్తే మ్వేరా మాట్లాడేవాళ్ళు ఉంటారు. నాలుగైదు లక్షల మంది అని అంచనా. బాంటూ కుటుంబం. బాంటూ భాషలన్నిటికీ నంబర్లు వేసిన మాల్కమ్ గత్రీ లెక్కలో యావోది పి21, మ్వేరాది పి22, మకొండేది పి23. అంటే ఇరుగుపొరుగు భాషలన్నమాట. న్యాసా సరస్సు ఒడ్డున ఇదే పేరుతో ఇంకో భాష ఉంది. అది వేరు, దాన్ని దీనితో కలపకండి. లిండన్ హారీస్ అనే ఆయన ఆ ప్రాంతంలో ఆంగ్లికన్ మిషన్‌లో పనిచేసి, 1950లో మ్వేరా వ్యాకరణం అచ్చు వేయించారు. ధ్వనిశాస్త్రం పాఠాల్లో మ్వేరా పేరు వినబడేది ఎక్కువగా ఆ పుస్తకం పుణ్యానే.

ఇప్పుడు సంధికి వద్దాం. మనకి ద్రుతం అంటే నకారం. దాని తర్వాత పరుషాలు, అంటే క చ ట త ప, వస్తే సరళాలు, అంటే గ జ డ ద బ, అవుతాయి. మ్వేరాలోనూ అచ్చంగా ఇదే జరుగుతుంది. బాంటూ భాషల్లో నామవాచకం ముందు మామూలుగా ఒక ఉపసర్గ ఉంటుంది. కొన్ని వర్గాలకి ఆ ఉపసర్గ వట్టి అనునాసికమే, అంటే న, మ లాంటి ముక్కు ధ్వని. పక్కన ఏ హల్లు ఉంటే దాని స్థానానికి మారిపోయే అనునాసికం. కోడికి ప్రాచీన బాంటూ ధాతువు కుకు. దాని ముందు అనునాసికం చేరాలి. స్వాహిలి వాళ్ళు ఆ అనునాసికాన్ని వదిలేసి "కుకు" అనే అంటారు. యావో, మ్వేరా వాళ్ళు అనునాసికాన్ని ఉంచుకుని క ని గ చేసేశారు: ఙ్గుకు. పూచెను + కలువలు = పూచెన్గలువలు అన్నప్పుడు మన నోట్లో ఏం జరిగిందో, వాళ్ళ కోడి దగ్గరా అదే జరిగింది.

ఎందుకు మారాలన్నాడు కదా మీ కుర్రాడు. న పలికేటప్పుడు అంగిట్లో వెనక భాగం, కొండనాలుక ఉన్న మెత్తటి భాగం, కిందికి దిగి ఉంటుంది. గాలి ముక్కులోంచి పోతుంటుంది, గొంతులో నాదం మోగుతుంటుంది. తర్వాత క పలకాలంటే ఒకేసారి రెండు పనులు జరగాలి: ముక్కు దారి మూయాలి, గొంతులో నాదం ఆపాలి. అంగిలి అంత చురుగ్గా లేవదు. అది పూర్తిగా మూసుకునేదాకా గాలి కాస్త కారుతూనే ఉంటుంది, ఆ కారడం వల్ల నాదం ఆగకుండా సాగుతుంది. నాదం ఆగని క అంటే గ. పరుషం సరళమైంది. సూరిగారు నియమం పెట్టలేదు, నోరు చేసేదాన్ని చూసి సూత్రంగా రాశారు.

క్లాసులో ఒక పని చేయించండి. ముక్కు గట్టిగా మూసుకుని "అమ్మ" అనమనండి. "అబ్బ" అని వినబడుతుంది. మ కీ బ కీ మధ్య ఉన్న తేడా అంతా ఆ ముక్కు దారిదే అని పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. వెనక బెంచీ మొత్తం అబ్బా అబ్బా అని అరుస్తుంది, దానికి నా పూచీ లేదు.

గంప సభ్యుడు: మరి వంకాయ, గంప, పంట, వంట? ఇక్కడ సున్న తర్వాత పరుషమే కదా ఉంది. నోరే మార్చేస్తుందంటే వంగాయ, గంబ అవ్వాలి. మీ సిద్ధాంతం ఇక్కడే దెబ్బతింది.

నేను: దెబ్బేం తినలేదండీ, ఇంకా గట్టిపడింది. పంట, వంట అనే మాటల్నే తీసుకోండి. క్రియలు పండు, వండు. అక్కడ డ ఉంది. నామం చేయడానికి ఇంకో హల్లు చేరి, ంట్ట లాంటి బరువైన గుంపు తయారై, తర్వాత ంట గా తేలికపడింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు మూల ద్రావిడానికి రెండు రకాల గుంపుల్ని ప్రతిపాదించారు: అనునాసికం + ఒంటి హల్లు, అనునాసికం + జంట హల్లు. ఒంటి హల్లు నాదం పుంజుకుని సరళమైంది. జంట హల్లు బరువు వల్ల పరుషంగానే నిలిచింది. అందుకే మన భాషలో మాట లోపల ంద, ంత రెండూ బతికాయి. మ్వేరాలో ఆ రెండో రకం లేదు, నియమానికి ఆ అడ్డు రాలేదు.

నోటికి ఇష్టం ఉన్నంత మాత్రాన ప్రతి భాషా లొంగిపోదు, అది నిజం. లొంగినప్పుడు కూడా ఒక్కో భాష ఒక్కో దారి పడుతుంది. పరుషం ముందు అనునాసికాన్నే పారేసిన స్వాహిలిలో ఉకుత అంటే గోడ, బహువచనం కుత. సరళాల ముందు మాత్రం అనునాసికం నిలబడుతుంది: ఉబవో పలక, ఎంబవో పలకలు. (ఈ "ఎం" చూడండి, మన లిపి బాధ. దాని సంగతి కింద చెబుతాను.) ఇండోనేషియన్‌లో ఇంకో వేషం: పిలిహ్ అంటే ఎంచుకోవడం, ముందు మె- తో పాటు అనునాసికం చేరితే మెమిలిహ్. ప మొత్తం మ లో కరిగిపోయింది. ఇబ్బంది ఒక్కటే, దాన్ని తప్పించుకునే దారులే వేరు. అన్నిట్లోకీ మ్వేరా వాళ్ళు పట్టిన దారే మనదానికి దగ్గర.

తమిళం చదివినావిడ: తమిళంలో ఇది రాయనక్కర్లేకుండానే ఉందండీ. అంబు అని పలుకుతాం, రాసేది ప అక్షరంతోనే. అనునాసికం పక్కన ఉంటే ప ని బ అని చదవాలని ఎవరూ నేర్పరు.

నేను: అవునమ్మా, అందుకే మాస్టారు తమిళం వద్దన్నారు, మరీ ఇంట్లో సాక్షి అయిపోతుంది. కానీ మీరు అంబు అన్నారు కాబట్టి అసలు విషయానికి దారి దొరికింది. తమిళంలో అంబు అంటే బాణం. తెలుగులో? అమ్ము. అమ్ములపొది అనే మాటలో ఇప్పటికీ ఉంది. తమిళం, కన్నడం కొంబు, మనం కొమ్ము. వాళ్ళు నంబు, మనం నమ్ము. తమిళం పాంబు, మనం పాము. మనవాళ్ళు చేసిందేమిటంటే, అనునాసికం పక్కనున్న సరళాన్ని అనునాసికంలోనే కలిపేశారు. అన్ని మాటల్లోనూ కాదు, చెంబు చెంబుగానే ఉంది. కానీ చాలా మాటల్లో.

మ్వేరా వాళ్ళూ ఇదే చేశారు! గ దగ్గర ఇది స్పష్టంగా కనబడుతుంది. స్వాహిలిలో డోలుని ఙ్గోమ అంటారు. ఆ డోలు మోగితే జరిగే ఆటకీ పాటకీ కూడా అదే పేరు. మ్వేరాలో అది ఙోమ. గ మాయం. పెదవిని లుగోమో అంటారు. లు- అనేది ఏకవచనం ఉపసర్గ, గోమో అసలు మాట. పెదవులు అనాలంటే లు- తీసేసి ఆ స్థానంలో అనునాసికం పెట్టాలి. ఙ్గోమో రావాలి. వచ్చేది ఙోమో. మళ్ళీ గ మాయం.

ఇక్కడ ఆగి ఒక్కసారి చూడండి. రెండు నియమాలున్నాయి.

అనునాసికం తర్వాత క ఉంటే గ అవుతుంది: ఙ్గుకు.
అనునాసికం తర్వాత గ ఉంటే పోతుంది: ఙోమో.

అలాంటప్పుడు కోడి దగ్గర క మారి గ అయ్యాక, ఆ గ కూడా పోయి ఙుకు అవ్వాలి కదా? అవ్వదు. ఙ్గుకు దగ్గరే ఆగిపోతుంది. క నుంచి పుట్టిన గ బతుకుతుంది, పుట్టుకతోనే గ అయినది పోతుంది. బస్సులో కూర్చున్నవాడు దిగిపోయాడు, ఆ ఖాళీ సీట్లో నిలబడ్డవాడు కూర్చున్నాడు. సీటు చూసి మనిషిని పోల్చుకోవాలనుకుంటే పొరబడతాం.

మాస్టారు: ఒక్క నిమిషం ఆగండి. సూరిగారి తర్వాతి సూత్రం "ఆదేశ సరళంబునకు ముందున్న ద్రుతంబునకు బిందు సంశ్లేషంబులు విభాషనగు". ఆదేశ సరళం అని ప్రత్యేకించి అంటారు. ఎప్పుడూ అనుకుంటాను, ఆ "ఆదేశ" ఎందుకు పెట్టాడా మహానుభావుడు అని.

నేను: మాస్టారూ, నేను చెప్పాలనుకున్నది మీరే లాగేశారు. సరిగ్గా అదే. సూరిగారికి రెండు రకాల గ లు ఉన్నాయి. ఒకటి కలువలులోని క మారి వచ్చిన గ, అంటే ఆదేశ సరళం. రెండోది గంగలోనో గాలిలోనో మొదటి నుంచీ ఉన్న గ. చెవికి రెండూ ఒకటే. కానీ ద్రుతానికి సున్న రావడం, అరసున్న రావడం, సంశ్లేషం కావడం (పక్క హల్లుతో కలిసిపోవడం) అనే వికల్పాల్ని ఆ సూత్రంలో ఆయన మొదటి రకానికే కట్టారు. పూచెఁగలువలు, పూచెంగలువలు, పూచెన్గలువలు. ఆ గ ఎక్కడి నుంచి వచ్చిందో దాని మొహం చూస్తే తెలియదు, దాని చరిత్ర తెలియాలి. మ్వేరా వ్యాకరణానికి కూడా ఆ చరిత్ర కావాలి. క నుంచి వచ్చిన గ కి ఒక న్యాయం, అసలు గ కి ఇంకో న్యాయం. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ధ్వనిశాస్త్రం వాళ్ళు "నియమాల క్రమం" మీద కుస్తీ పట్టినప్పుడు మ్వేరాని ఉదాహరణగా తెచ్చుకున్నది ఇందుకే. మొదట గ ని పోగొట్టే నియమం నడవాలి, తర్వాతే క ని గ చేసే నియమం. వరస తిరగబడితే కోడి ఙుకు అయి కూర్చుంటుంది.

సంస్కృతం వచ్చినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. పాణిని "పూర్వత్రాసిద్ధమ్" అన్నాడు. అష్టాధ్యాయి చివరి మూడు పాదాల్లో జరిగిన పని, ముందున్న సూత్రాల కంటికి జరగనట్టే. హరే + ఏహి లో మధ్య యకారం వచ్చి, అది లోపించి "హర ఏహి" అవుతుంది. ఇప్పుడు అకారం పక్కన ఏకారం ఉంది కదా, వృద్ధి సంధి చేసి హరైహి అందామంటే కుదరదు. యకారం పోయిన సంగతి వృద్ధి సూత్రానికి తెలియదు, దాని కంటికి యకారం ఇంకా అక్కడే ఉంది. మ్వేరాలో కూడా గ ని పోగొట్టే నియమం కంటికి ఙ్గుకులో ఉన్నది ఇంకా క నే.

గసడదవ సభ్యుడు: అయితే గసడదవాదేశం మాటేమిటి? అక్కడ అనునాసికం లేదు కదా. కూరగాయలు, తల్లిదండ్రులు. పరుషాలు అక్కడ కూడా మారాయి.

నేను: మంచి చోట పట్టుకున్నారు. రెండు జాబితాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. సరళాదేశంలో గ జ డ ద బ. మరోదానిలో గ స డ ద వ. తేడా ఎక్కడ? చ, ప ల దగ్గర. కాలు + చేతులు = కాలుసేతులు, జేతులు కాదు. ఊరు + పల్లెలు = ఊరువల్లెలు, బల్లెలు కాదు. ఇరుపక్కలా అచ్చులుంటే నోరు పూర్తిగా మూసుకోవడానికి బద్ధకిస్తుంది, ప కాస్తా వ గా జారిపోతుంది, చ కాస్తా స గా. పక్కన అనునాసికం ఉంటే పెదవులు అప్పటికే మూసుకుని ఉన్నాయి, ఇక జారడానికి చోటు లేదు, బ గానే నిలబడుతుంది. అనునాసికం నాదాన్ని ఇస్తుంది, మూతనీ కాపాడుతుంది. స్వాహిలిలో నాలుక ఉలిమి, బహువచనం ఎన్‌దిమి. అచ్చు పక్కన ల, అనునాసికం పక్కన అదే గట్టిపడి ద. మన వ/బ జంటా వాళ్ళ ల/ద జంటా ఒకే తూకం.

ఇంత బాగా కుదిరిన రెండు జాబితాల్ని బడిలో వేర్వేరు సంధులుగా కంఠతా పట్టించి వదిలేస్తాం. నాకు ఎప్పుడూ కడుపుమంటే.

చరిత్రాభిమాని: ఇదంతా చూస్తుంటే ఆఫ్రికన్లూ ద్రావిడులూ ఒకటే అన్నవాళ్ళ మాట నిజమే అనిపిస్తోంది. సెనెగల్ తొలి అధ్యక్షుడు సెంఘోర్ కూడా అదే అన్నారు కదా? పైగా మ్వేరా వాళ్ళకి మేనమామ ముఖ్యమట.

నేను: సెంఘోర్‌గారి ప్రోత్సాహంతో సెనెగల్ రాజధాని డకార్‌లో ద్రావిడ, ఆఫ్రికా భాషల పోలికల మీద పని జరిగిన మాట నిజం. కానీ పైన చెప్పిందంతా చుట్టరికానికి సాక్ష్యం కాదండీ. నోరున్న ఎవరికైనా జరిగేది ఇద్దరికి జరిగితే ఇద్దరూ అన్నదమ్ములని ఎలా అంటాం? చుట్టరికం నిరూపించాలంటే మూల పదాలు కావాలి, వాటి మధ్య క్రమం తప్పని ధ్వని మార్పులు కావాలి. అంబు-అమ్ము, కొంబు-కొమ్ము, నంబు-నమ్ము అని తమిళానికీ మనకీ వరసగా చూపించాం చూశారా, అలాంటి వరస. కుకు-ఙ్గుకు అని స్వాహిలికీ మ్వేరాకీ అలాంటిదే ఉంది. తెలుగుకీ మ్వేరాకీ మధ్య ఒక్క వరస కూడా లేదు.

మేనమామ సంగతి కూడా అంతే. మ్వేరా వాళ్ళకి వంశం తల్లి వైపు నుంచి లెక్క. పక్కనున్న మకొండే, మకువా, యావో వాళ్ళకీ అంతే. అలాంటి చోట ఇంటి పెద్దరికం తల్లి అన్నదమ్ములది. మన ఇళ్ళల్లో పెళ్ళిబుట్ట మోసే మేనమామ పరిస్థితి వేరు, మనది తండ్రి వంశం. రెండు చోట్లా మామకి గౌరవమే, కారణాలే వేరు.

పలాస సభ్యుడు: మాది జీడిపప్పు వ్యాపారం. టాంజానియా పిక్కలు మాకు బాగా తెలుసు. అక్కడివాళ్ళు కొరోషో అంటారు. ఇది మ్వేరా మాటేనా?

నేను: స్వాహిలి మాటండీ. చెట్టు మ్‌కొరోషో, పిక్క కొరోషో. ముందున్న మ్- చెట్ల వర్గానికి గుర్తు. మీకొచ్చే టాంజానియా పిక్కల్లో ఎక్కువ భాగం ఈ లిండి, దాని పక్కనున్న మ్త్వారా ప్రాంతాలదే. 2018లో ధర దగ్గర వ్యాపారులకీ ప్రభుత్వానికీ పడక, అప్పటి అధ్యక్షుడు మగుఫులి సైన్యాన్ని దింపి మరీ పిక్కలు కొనిపించింది అక్కడే. ఆ ఏడు మీకూ టెన్షన్ తగిలే ఉంటుంది.

ఒక సభ్యురాలు: ఇంత మాట్లాడారు, ఆ మనుషుల గురించి నాలుగు ముక్కలు చెప్పలేదు. వ్యాకరణం కోసమే పుట్టారా వాళ్ళు?

నేను: న్యాయమైన మాటమ్మా. నాలుగు ముక్కలే చెబుతాను, ఎక్కువ చెబితే చర్చ దారి తప్పుతుంది.

1905లో, అప్పుడు ఆ సీమని ఏలుతున్న జర్మన్ల మీద మాజీ మాజీ తిరుగుబాటు లేచింది. బలవంతపు పత్తి సాగు దానికి పెద్ద కారణం. మాజీ అంటే నీళ్ళు. మతుంబి కొండల్లో కింజికిటిలే అనే ఆయన మంత్రించి ఇచ్చిన నీళ్ళు ఉంటే తుపాకి గుళ్ళు నీళ్ళవుతాయని నమ్మారు. మ్వేరా వాళ్ళు అందులో కలిశారు. ఆ సీమలోని న్యాంగావో మిషన్ తగలబడింది. 1907కల్లా తిరుగుబాటు అణిగింది. జర్మన్లు పంటలు తగలబెట్టడంతో వచ్చిన కరువులో చచ్చినవాళ్ళే, గుళ్ళకి చచ్చినవాళ్ళ కంటే ఎన్నో రెట్లు. 1906లోనే, ఊళ్ళు ఇంకా తేరుకోకముందే, కార్ల్ వోయిలె అనే జర్మన్ మానవ శాస్త్రజ్ఞుడు కెమెరా, ఫోనోగ్రాఫ్ మోసుకుని లుకులేది లోయ వైపు వచ్చాడు. పై పెదవికి చిల్లు పెట్టి చెక్క బిళ్ళ ధరించిన ఆడవాళ్ళ ఫోటోలు తీశాడు. లుగోమో, ఙోమో అనే మాటలు చూసినప్పుడల్లా నాకు ఆ ఫోటోలు గుర్తొస్తాయి. మన దగ్గర ముక్కు రెండు వైపులా కుట్టించుకుని అడ్డబాస పెట్టుకున్న ముత్తవ్వల్ని చూసి ముచ్చటపడి, వాళ్ళని చూసి వింతపడేవాళ్ళకి ఏం చెప్పను.

తర్వాత బ్రిటిష్‌వాళ్ళు. రాయలసీమ సభ్యులకి ఇది పనికొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్‌కి వంటనూనె కరువు. 1947లో టాంగన్యికాలో (ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం) లక్షల ఎకరాల్లో వేరుశనగ వేస్తామని దిగారు. అందులో ఒక పెద్ద కేంద్రం నచింగ్వేయా. మ్త్వారాలో రేవు కట్టారు, నచింగ్వేయాకి రైలు పట్టాలు వేశారు. నేల తీరు, వానల తీరు అడక్కుండా ట్రాక్టర్లు దింపారు. 1951కల్లా పథకం మూతపడింది, దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లు నీళ్ళపాలు. పట్టాలు కూడా తర్వాత పీకేశారు. 1960ల్లో అదే నచింగ్వేయాలో మొజాంబిక్ స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఫ్రెలిమో వాళ్ళకి శిక్షణ శిబిరం వెలిసింది. తర్వాత మొజాంబిక్ తొలి అధ్యక్షుడైన సమోరా మాషెల్ అక్కడ పనిచేసినవాడే.

భాష సంగతి ఇంకోలా ఉంది. టాంజానియాలో బడి స్వాహిలిలో, హైస్కూలు నుంచి ఇంగ్లీషులో. మ్వేరా లాంటి భాషలకి పాఠ్యపుస్తకం లేదు, పరీక్ష లేదు. లిండి లాంటి పట్నంలో పెరిగిన పిల్లలకి ముందు వచ్చేది స్వాహిలి. స్వాహిలి ప్రభావంలో ఙోమ మెల్లగా ఙ్గోమ అవుతుంటే ఆశ్చర్యం లేదు. ఎప్పుడో పోయిన గ బడి ద్వారా తిరిగొచ్చినట్టు.

వికీ సభ్యుడు: మ్వేరా మీద ఒక వ్యాసం తెలుగు వికీలో పెట్టాలనుకుంటున్నాను. స్పెల్లింగులే చంపుతున్నాయి. ఎంట్వారా అంటారా, ముట్వారా అంటారా? ఎన్డాండా, నదాండా? పత్రికల్లో ఒక్కోటి ఒక్కోలా ఉంది.

నేను: పైన ఎంబవో దగ్గర నాకూ ఇదే తలనొప్పి. బాంటూ మాటల మొదట్లో ఉండే అనునాసికాన్ని మనం రాయలేక ముందు ఎ తగిలిస్తున్నాం. సున్నతో తెలుగు మాట మొదలవ్వదు కాబట్టి. ఇంగ్లీషు అక్షరం పేరు చదివినట్టు "ఎం", "ఎన్" అనడం వల్ల మూలంలో లేని అచ్చు వస్తుంది. మ్వేరాకి ఏ చిక్కూ లేదు, మ కింద వ వత్తు, అంతే. మకొండే, మకువాల్లో అచ్చు ఉంది కాబట్టి సుఖం. మ్త్వారా అని రాస్తే కాస్త మొరటుగా కనబడుతుంది గానీ అదే సరైనది. అక్కడ మ ఒంటరిగా ఒక అక్షరమంత సేపు పలుకుతుంది. మిషన్ ఆసుపత్రి ఉన్న ఊరు న్డాండా. న కింద డ వత్తు మనకి అలవాటు లేదు, కానీ లిపి అడ్డం చెప్పదు. ట, డ ల బదులు త, ద లు వాడండి, వాళ్ళ త మన ట కంటే త కే దగ్గర. ఆ లెక్కన న్దాందా.

ఇక ఙ. చిన్నప్పుడు క ఖ గ ఘ ఙ అని వల్లించాం, వాఙ్మయం, పరాఙ్ముఖం దాటి ఒక్కసారైనా వాడామా? అదీ వత్తుతోనే. అచ్చుతో కలిపి ఙో, ఙు అని రాసే అవసరమే మనకి ఎప్పుడూ రాలేదు. కీబోర్డులో దాన్ని వెతుక్కోవడానికే నాకు ఈ పోస్టులో సగం సమయం పట్టింది. కానీ మ్వేరా డోలుని ఇంగ్లీషు లిపిలో రాయాలంటే రెండు అక్షరాలూ పైన ఒక చుక్క లాంటి గుర్తూ కావాలి. మనకి ఒక్క అక్షరం చాలు. ఙోమ అనే పెట్టండి. ఎవరైనా "నోమ" అని దిద్దితే చర్చా పేజీలో నన్ను పిలవండి.

మాస్టారు: ముక్కు మూసుకుని అమ్మ అనమన్నాను. హెడ్మాస్టరుగారు వచ్చి చూసి వెళ్ళారు. మ్వేరా కోడి కూడా చెప్పాను. వెనక బెంచీవాడు అడుగుతున్నాడు, "సార్, మరి మనకి పాంబు పాము అయింది కదా, వేంబు వేము అయింది కదా, చెంబు చెమ్ము ఎందుకు కాలేదు?"

నేను: ఆ కుర్రాణ్ణి గ్రూపులో చేర్చండి మాస్టారూ.